మధ్యశ్రేణి కంప్యూటర్లలో ముద్రణ సాఫ్ట్‌వేరు: ఫైళ్ల అమరిక, వ్యవస్థకు కావలసిన వనరులు
(నాంపల్లి – ఆబిడ్స్ కార్యాలయాల నేపథ్యంలో)

సారాంశం

కార్యాలయాలలో పెద్ద సంఖ్యలో వెలువడే చార్టులు, మార్కుల జాబితాలు, ఖాతా వివరాలు చాలాకాలంగా మధ్యశ్రేణి కంప్యూటర్ల నుంచి అచ్చవుతున్నాయి. ఈ యంత్రాలలో ముద్రణ అనేది మొదట ఒక ఫైలు, ఆ తరువాతే కాగితం. అందువల్ల ముద్రణ సాఫ్ట్‌వేరుకు కావలసిన వనరులను ప్రింటరు నుంచి కాక ఫైళ్ల నిర్మాణం నుంచి లెక్కించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పేరు కాగితం మీదికి రాకపోవడానికి మూలం చాలా సందర్భాలలో ప్రింటరులో కంటె రికార్డులోని గడి పొడవులో ఉందని ఉదాహరణలతో వివరిస్తుంది.

కీలకపదాలు: మధ్యశ్రేణి కంప్యూటరు, స్పూల్ ఫైలు, ఫైళ్ల అమరిక, రిజర్వేషను చార్టు, యూనికోడ్, తెలుగు ముద్రణ

1. ప్రస్తావన

నాంపల్లి రైల్వేస్టేషను నుంచి మొజంజాహి మార్కెట్టు మీదుగా ఆబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయం వరకు నడిస్తే రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ దారిలోనూ దాని చుట్టుపక్కల వీధులలోనూ ఇంటర్మీడియట్ బోర్డువారి విద్యాభవన్, చాపెల్ రోడ్డులోని ప్రభుత్వ పరీక్షల సంచాలక కార్యాలయం, వాణిజ్య పన్నుల శాఖ సముదాయం ఉన్నాయి. 1941లో ఏర్పడిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమయ్యేదాకా, తన ప్రధాన కార్యాలయాన్ని దగ్గరలోని గన్‌ఫౌండ్రీలోనే నడిపింది. ఈ కార్యాలయాల పనులు వేరువేరు. కాని అన్నింటికీ ఒక సామ్యం ఉంది. ఒకే నమూనాలో, పేరు మాత్రమే మారుతూ, వేల సంఖ్యలో కాగితాలు అచ్చువేయవలసిన అవసరం వాటన్నింటిదీ. ఏ కార్యాలయంలో ఏ యంత్రం ఉన్నదన్నది ఈ వ్యాసానికి విషయం కాదు. అటువంటి అవసరాన్ని తీర్చే యంత్రవర్గం, అందులో ముద్రణ జరిగే తీరు మాత్రమే ఇక్కడి విషయం.

మహాయంత్రాలైన మెయిన్‌ఫ్రేములకూ బల్లమీది కంప్యూటర్లకూ నడుమ ఉన్నవాటిని మధ్యశ్రేణి కంప్యూటర్లంటారు. పూర్వం మినీ కంప్యూటర్లనేవారు. హైదరాబాదులోనే ఈసీఐఎల్ సంస్థ టీడీసీ శ్రేణి యంత్రాలను రూపొందించింది. విదేశీ యంత్రాలలో డిజిటల్ సంస్థవారి వ్యాక్స్, ఐబీఎం వారు 1988 జూన్‌లో ప్రకటించిన ఏఎస్/400 ప్రసిద్ధాలు. ఈ రెండవది అనేక పేర్లు మార్చుకొని నేడు 'ఐబీఎం ఐ' పేరుతో కొనసాగుతున్నది. 1978లో ఐబీఎం మన దేశం విడిచి వెళ్లింది. అది వదలి వెళ్లిన యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ చేపట్టింది. 1992లో టాటాలతో కలసి ఐబీఎం తిరిగివచ్చేదాకా ఉన్న విరామం వల్ల, మన కార్యాలయాల ముద్రణ అలవాట్లు ఏఎస్/400 కంటె ముందే ఇతర యంత్రాల మీద స్థిరపడ్డాయి. ఈ చారిత్రక కారణం చేత ఇక్కడ వ్యాక్స్ సంప్రదాయాన్ని, ఏఎస్/400 సంప్రదాయాన్ని పక్కపక్కన పెట్టి చూడడం అవసరమైంది.

2. కాగితానికి ముందు ఫైలు

బల్లమీది కంప్యూటరుకు అలవాటుపడినవారు ముద్రణ ఆజ్ఞ ఇవ్వగానే ప్రింటరు కదలాలనుకుంటారు. మధ్యశ్రేణి యంత్రం మీద ఒకే సమయంలో పదుల మంది, వందల మంది పనిచేస్తారు. ప్రింటర్లు మాత్రం నాలుగో అయిదో. ప్రతి ప్రోగ్రామూ నేరుగా ప్రింటరుతో మాట్లాడితే ఒకరి రసీదు నడుమ మరొకరి జాబితా పంక్తులు దూరతాయి. అందుకే ప్రోగ్రాము తన ఫలితాన్ని డిస్కు మీద ఒక ఫైలుగా రాస్తుంది. ఆ ఫైలు ఒక వరుసలో నిలుస్తుంది. ప్రింటరు ఖాళీ అయినప్పుడు 'రైటర్' అనే మరొక ప్రోగ్రాము వరుస ప్రకారం ఫైళ్లను తీసి అచ్చువేస్తుంది. ఇదే స్పూలింగు.

ఏఎస్/400లో ఆ ఫైలును స్పూల్ ఫైలు అనీ, వరుసను అవుట్‌పుట్ క్యూ అనీ అంటారు. ప్రతి స్పూల్ ఫైలుకు అది పుట్టిన జాబు పేరు, వాడుకరి పేరు, జాబు సంఖ్య, ఆ జాబులో దాని వరుస సంఖ్య గుర్తులుగా ఉంటాయి. దానిని నిలిపి ఉంచవచ్చు, వేరొక వరుసకు మార్చవచ్చు, అచ్చయిన తరువాత కూడా దాచుకోవచ్చు. కాగితం ప్రింటరులో చిక్కుకుంటే చిక్కిన పుట నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. క్రమసంఖ్యలు ముందే అచ్చయిన మార్కుల పత్రాలు, డిమాండు డ్రాఫ్టులు వాడేచోట ఈ చివరి సౌకర్యం చిన్నది కాదు. ఏ సంఖ్య గల పత్రం పాడయిందో, దాని బదులు ఏది అచ్చయిందో లెక్క చెప్పవలసినది ఆ గుమాస్తాయే కదా!

పుట కొలతలు కూడా ప్రింటరులో కాక ప్రింటరు ఫైలు అనే నిర్వచనంలో ఉంటాయి. ఏఎస్/400లో సహజంగా అమర్చి వచ్చే కొలత పుటకు 66 పంక్తులు, పంక్తికి 132 గడులు. అంచుల వెంట చిల్లులుండే కాగితం 11 అంగుళాల ఎత్తు. అంగుళానికి ఆరు పంక్తులు కనుక 66. ఈ లెక్క ఎందుకు అక్కరకు వస్తుందో కిందటి తరం రైలు ప్రయాణికులందరూ చూసిన ఒక కాగితంతో వివరించవచ్చు.

3. ఒక చార్టు, మూడు రకాల ఫైళ్లు

రైల్వే రిజర్వేషనుకు వాడే 'కన్సర్ట్' వ్యవస్థ మొదట ప్రవేశించింది సికింద్రాబాదు కేంద్రంలోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి దేశంలోని రిజర్వేషను కేంద్రాలు దానితో ఒకదానికొకటి అనుసంధానమయ్యాయి. అది వ్యాక్స్ వంశానికి చెందిన ఓపెన్ వీఎంఎస్ నిర్వహణ వ్యవస్థ మీద నడిచింది. నాంపల్లి స్టేషను కిటికీ దగ్గర గుమాస్తా మీట నొక్కితే లెక్క చూసేది సికింద్రాబాదు కేంద్రంలోని యంత్రం. టికెట్టు అచ్చయ్యేది కిటికీ పక్కనున్న చుక్కల ప్రింటరులో.

రైల్వేవారి అసలు ఫైళ్ల నిర్మాణాన్ని వివరించడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఓపెన్ వీఎంఎస్‌లో లభించే మూడు రకాల అమరికలను అర్థం చేసుకోవడానికి చార్టు మంచి దృష్టాంతం మాత్రమే.

మొదటిది వరుస అమరిక. రికార్డులు రాసిన క్రమంలోనే ఉంటాయి, ఆ క్రమంలోనే చదవాలి. రెండవది స్థాన సంఖ్య అమరిక. ఫైలులో సమానమైన గడులుంటాయి, ప్రతి గడికీ ఒక సంఖ్య. స్లీపరు పెట్టెలో 72 బెర్తులుంటే 72 గడుల ఫైలు అనుకోవచ్చు. 41వ బెర్తు ఎవరిదో తెలియాలంటే తిన్నగా 41వ గడికి పోవచ్చు. బెర్తు ఖాళీ అయితే గడి ఖాళీ. మూడవది సూచికల అమరిక. రికార్డుతో పాటు కీ అనే గుర్తు, ఆ గుర్తులతో ఒక సూచిక ఉంటాయి. పది అంకెల పీఎన్ఆర్ చెప్పగానే రికార్డు దొరకడానికి ఇది తగినది. అదే ఫైలుకు పేరు రెండవ కీగా కూడా ఉండవచ్చు.

బయలుదేరే వేళ దగ్గరపడినప్పుడు చార్టు తయారవుతుంది. అప్పుడు సూచికల ఫైలులోని వివరాలు పెట్టె వారీగా, బెర్తు వారీగా సర్దుకొని, చివరికి వరుస అమరిక గల ఒక ముద్రణ ఫైలుగా మారతాయి. ప్రింటరుకు వెనక్కి తిరిగి చూడడం తెలియదు. పైనుంచి కిందికి పోవడమే తెలుసు. కనుక ముద్రణ ఫైలు ఎప్పుడూ వరుస ఫైలే. వెదకడానికి అనువైన అమరిక ఒకటి, అచ్చుకు అనువైన అమరిక మరొకటి. ఈ రెండింటినీ ఒకే ఫైలుతో సాధించాలని ప్రయత్నించిన సాఫ్ట్‌వేరు రెండు పనులూ నెమ్మదిగానే చేస్తుంది.

ఇప్పుడు పంక్తుల లెక్క. 72 బెర్తులు, పైన శీర్షికకూ కింద ఖాళీకీ కలిపి పది పంక్తులు అనుకుంటే మొత్తం 82. అంగుళానికి ఆరు పంక్తుల చొప్పున 66 పంక్తుల పుటలో ఇది పట్టదు. ఒక పెట్టె చార్టు రెండు పుటలవుతుంది. అంగుళానికి ఎనిమిది పంక్తులు చేస్తే పుటకు 88 వస్తాయి, చార్టు ఒకే పుటలో ఇముడుతుంది. ప్రింటరు మార్చనక్కరలేదు, ప్రోగ్రాము మార్చనక్కరలేదు, నిర్వచనంలో ఒక అంకె చాలు. పెట్టె తలుపు పక్కన అతికించే కాగితం ఒకటా రెండా అన్నది నిర్ణయించేది ఆ అంకె. 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టులు అతికించే ఆచారాన్ని రైల్వేశాఖ ఆపివేసింది. కాగితం పోయినా దాని వెనుక ఫైలు పోలేదు. అదే జాబితా టికెట్ పరిశీలకుని చేతిలోని పరికరానికి వెళుతున్నది.

ఏఎస్/400లో అమరిక వేరు. అక్కడ మొత్తం నిల్వ లైబ్రరీలుగా విభజితమవుతుంది. లైబ్రరీని బీరువా అనుకుంటే ఫైలు అందులోని ఫైలే, మెంబరు ఆ ఫైలులోని ఒక కాగితాల కట్ట. వ్యవస్థ సొంత లైబ్రరీ తప్ప, బీరువాలో మరొక బీరువా ఉండదు. ఏ వస్తువు పేరూ పది అక్షరాలు మించదు. దత్తాంశం ఉండేది భౌతిక ఫైలులో. అదే దత్తాంశాన్ని వేరొక క్రమంలో చూపేది తార్కిక ఫైలు, అంటే దత్తాంశం లేని ఒట్టి సూచిక. ముద్రణ సాఫ్ట్‌వేరు కొన్నప్పుడు అది సాధారణంగా తన ప్రోగ్రాములకు ఒక లైబ్రరీ, వాడుకరి నమూనాలకూ అమరికలకూ మరొక లైబ్రరీ కోరుతుంది. ఈ రెండింటినీ కలపకుండా ఉంచాలి. కొత్త కూర్పు వచ్చినప్పుడు మొదటి లైబ్రరీ తుడిచిపెట్టుకుపోతుంది. కార్యాలయం ఏళ్ల తరబడి దిద్దుకున్న పత్రాల నమూనాలు అందులోనే ఉంటే అవీ పోతాయి.

4. పదిహేను అక్షరాల గడి

రైల్వే రిజర్వేషను దరఖాస్తు కాగితం మీద ప్రయాణికుని పేరు పెద్దక్షరాలలో, 15 అక్షరాలకు మించకుండా రాయమని ఉంటుంది. అది కాగితం మీది ఆదేశమే కాని దాని పుట్టిల్లు ఫైలు. ఎక్కడో ఒక రికార్డులో పేరుకు 15 స్థానాలు కేటాయించారు. ఆ నిర్ణయం తెరమీదికీ, టికెట్టు మీదికీ, చార్టు మీదికీ, చివరికి దరఖాస్తు కాగితం మీదికీ ప్రవహించింది.

వెంకటసత్యనారాయణమూర్తి అనే పేరును తీసుకుందాం. రోమన్ లిపిలో రాస్తే సాధారణ వర్ణక్రమం ప్రకారం 26 అక్షరాలు. 15 దగ్గర కత్తిరిస్తే 'వెంకటసత్యనార్' మిగులుతుంది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు ప్రకారం అయితే అసలు పేరు మరింత తగ్గుతుంది. తెలుగువారి పేర్లు చార్టులో తోక తెగి కనిపించడానికి కారణం ఇదే.

అదే పేరు తెలుగు లిపిలో ఎంత? చదివేవారి కంటికి పదకొండు అక్షరాలు: వెం, క, ట, స, త్య, నా, రా, య, ణ, మూ, ర్తి. కంప్యూటరు లెక్క ఇది కాదు. యూనికోడ్‌లో హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు ఒక సంకేతం, సున్న ఒకటి, వత్తును కలిపే పొల్లు ఒకటి. 'ర్తి' ఒక్కటే నాలుగు సంకేతాలు. మొత్తం పేరుకు 21. 1991లో ప్రకటితమైన భారతీయ ప్రమాణం ఇస్కీలో సంకేతానికి ఒక బైటు కనుక 21 బైట్లు సరిపోయేవి. యూటీఎఫ్-16లో రెండేసి బైట్లు కనుక 42. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు కనుక 63. ఒకే పేరుకు పదకొండు, ఇరవై ఒకటి, నలభై రెండు, అరవై మూడు అని నాలుగు పొడవులు! వీటిలో ఏ పొడవును గడి పొడవు అంటున్నారో చెప్పని సాఫ్ట్‌వేరు వివరపత్రం తెలుగు కార్యాలయానికి పనికిరాదు.

పాత 15 బైట్ల గడిని అలాగే ఉంచి యూటీఎఫ్-8 తెలుగు రాస్తే 'వెంకట' వరకే పడుతుంది. అది కనీసం ఒక పేరు. గడి 25 బైట్లయితే ఎనిమిది సంకేతాలు పట్టి, తొమ్మిదవదానిలో మూడో వంతు మిగులుతుంది. అప్పుడు 'వెంకటసత్' తరువాత అర్థంలేని గుర్తొకటి అచ్చవుతుంది. దోషం ప్రింటరుదని ఫిర్యాదు వెళుతుంది. ప్రింటరు తనకిచ్చినదే అచ్చువేసింది.

ప్రింటర్ల పాత్ర లేదని కాదు. వేగంగా పనిచేసే పాత పంక్తి ప్రింటర్లలో అక్షరాలు ఉక్కు పట్టీ మీద పోతపోసి ఉండేవి. ఆ పట్టీ మీద 48, 64, 96 వంటి పరిమిత సంఖ్యలోనే గుర్తులుండేవి. వత్తులతో, గుణింతాలతో వందల అచ్చుముక్కలు అడిగే తెలుగుకు అక్కడ తావు లేదు. సీసపు అక్షరాలు కూర్చిన పాత ముద్రాపకులకు ఈ కష్టం వివరించనక్కరలేదు. చుక్కల ప్రింటరు వచ్చాక, ఆ తరువాత లేజరు వచ్చాక ఆ అడ్డంకి తొలగింది. చుక్కలతో ఏ ఆకారమైనా గీయవచ్చు. అయినా కార్యాలయ పత్రాలు రోమన్ లిపిలోనే కొనసాగాయంటే అందుకు కారణం 'ఒక బైటు, ఒక గడి, ఒక అక్షరం' అనే సమీకరణం మీద ఫైళ్లన్నీ నిర్మితమై ఉండడం. 132 గడుల పంక్తిలో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. తెలుగులో 'ర' వెడల్పు వేరు, 'ణ్యూ' వెడల్పు వేరు, వత్తు పంక్తి కిందికి దిగుతుంది.

ఇంకొక చిక్కు క్రమానికి సంబంధించినది. సూచికల ఫైలు కీలను సంకేతాల విలువను బట్టి సర్దుతుంది. ఏఎస్/400 వాడే ఎబ్సిడిక్ సంకేతాలలో రోమన్ అక్షరాల తరువాత అంకెలు వస్తాయి. వ్యాక్స్ వాడే ఆస్కీలో అంకెలు ముందు, అక్షరాలు తరువాత. ఒకే జాబితా రెండు యంత్రాల మీద రెండు క్రమాలలో అచ్చవుతుంది. తెలుగు యూనికోడ్‌లో 'ఱ' 'ర' పక్కన, 'ళ' 'ల' పక్కన ఉన్నాయి. మన వర్ణమాలలో 'ళ' 'హ' తరువాత వస్తుంది. కాబట్టి సంకేతాల క్రమంలో 'కళ' ముందు, 'కవిత' తరువాత. నిఘంటువు క్రమంలో దీనికి విపర్యయం. హాజరు పట్టికలో ఇద్దరు విద్యార్థినుల వరుస తారుమారైతే నష్టం స్వల్పమే. వేల పేర్ల జాబితాను గోడకు అతికించి ఎవరి పేరు వారు చూసుకోమన్నప్పుడు స్వల్పం కాదు.

5. వ్యవస్థకు కావలసిన వనరులు

సాఫ్ట్‌వేరు అమ్మేవారి వివరపత్రంలో మొదట కనిపించేవి నిర్వహణ వ్యవస్థ కూర్పు, దానికి వేయవలసిన దిద్దుబాట్లు, లైసెన్సు. ఏఎస్/400 వంశంలో లైసెన్సు తరచుగా యంత్రపు క్రమసంఖ్యకు ముడిపడి ఉంటుంది. యంత్రం మారిస్తే కొత్త తాళంచెవి అడగాలి. స్థాపన సాధారణంగా భద్రతాధికారి హోదాలో చేయాలి. ఇవి ఎవరైనా చూసుకునేవే. వీటి మీద ఎక్కువ చెప్పవలసింది లేదు.

అంతగా చూసుకోనిది డిస్కు స్థలం. 132 గడులు, 66 పంక్తులు నిండుగా ఉన్న పుట 8,712 బైట్లు. పదివేల పుటలు సుమారు 87 మెగాబైట్లు. తెలుగు కావాలన్నప్పుడు కొందరు పుటనంతా బొమ్మగా మార్చి పంపుతారు. ఏ4 పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున నలుపు తెలుపు బొమ్మ చేస్తే కుదింపు లేకుండా సుమారు 10,87,000 బైట్లు, అంటే పాఠ్యపు పుటకు దాదాపు 125 రెట్లు. అదే పుటను యూటీఎఫ్-8 పాఠ్యంగా ఉంచితే గరిష్ఠంగా మూడు రెట్లే. కుదింపుతో బొమ్మ పరిమాణం బాగా తగ్గుతుంది, కాని బొమ్మలో పేరు వెదకలేము, పన్ను మొత్తం కూడలేము, అచ్చుతప్పు దిద్దలేము. పాఠ్యాన్ని పాఠ్యంగానే స్పూల్ ఫైలులో ఉంచి, అక్షరాకృతిని ఖతికి, వత్తుల కూర్పును ప్రింటరుకు పంపే చివరి దశకు వదలడమే ఉచితమైన మార్గం. అందువల్ల 'తెలుగు వస్తుందా?' అని అడిగితే చాలదు. తెలుగు ఏ దశలో బొమ్మ అవుతుందో అడగాలి.

ఇక్కడ డీటీపీ కేంద్రాల అనుభవం ఒక హెచ్చరిక. పేజ్‌మేకరులో అను ఖతులతో కూర్చిన తెలుగు కాగితం మీద అందంగా ఉంటుంది. కాని ఆ ఫైలులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, రోమన్ సంకేతాల స్థానాలలో కూర్చిన అక్షరపు ముక్కలు. తలకట్టు ఒక చోట, వత్తు ఒక చోట. పుస్తకం అచ్చువేయడానికి అది చాలింది. అదే పద్ధతిని లక్ష పేర్ల దత్తాంశానికి వాడితే సూచిక పనిచేయదు, వెదకులాట పనిచేయదు. ఆ ఖతి లేని యంత్రం మీద పేరు చదవను కూడా చదవలేము.

ఏఎస్/400లో ప్రతి ఫైలుకు, ప్రతి ఫీల్డుకు అది ఏ సంకేత సమితిలో ఉన్నదో తెలిపే సంఖ్య ఒకటి ఉంటుంది. ఆంగ్లానికి 37, యూటీఎఫ్-8కు 1208, యూటీఎఫ్-16కు 1200. 65535 అని ఉంటే 'మార్పిడి చేయవద్దు' అని అర్థం. పాత జాబులు చాలావరకు 65535తోనే నడుస్తుంటాయి. ఆంగ్లం ఒక్కటే ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. తెలుగు ఫీల్డు చేరిన నాడు ఆ సంఖ్య కారణంగానే పేర్లు గందరగోళమవుతాయి.

6. నిల్వ, గోప్యత, పునర్ముద్రణ

స్పూల్ ఫైలు డిస్కు మీద ఉన్నది కనుక భద్రంగా ఉన్నదనుకోవడం సహజం. ఏఎస్/400 వంశంలో 2006 నాటి వీ5ఆర్4 కూర్పుకు ముందు అవుట్‌పుట్ క్యూను టేపు మీదికి భద్రపరిస్తే క్యూ నిర్వచనం మాత్రమే వెళ్లేది, అందులోని స్పూల్ ఫైళ్లు వెళ్లేవి కావు. ఖాళీ బీరువాను జాగ్రత్తగా దాచినట్లు. ఆ కూర్పు నుంచి స్పూల్ దత్తాంశాన్ని కూడా చేర్చమనే ఎంపిక వచ్చింది. అది ఎంపిక మాత్రమే, ఎవరో ఒకరు దానిని ఆజ్ఞలో రాయాలి. అంతకుముందు స్పూల్ ఫైలును భౌతిక ఫైలులోకి నకలు చేసి భద్రపరచేవారు. అలా చేస్తే పాఠ్యం మిగులుతుంది, ప్రింటరు లక్షణాలు పోతాయి. ఇప్పటి కూర్పులలో స్పూల్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చి దాచే సదుపాయం ఉంది. అప్పుడు కూడా మూల దత్తాంశాన్ని వదలకూడదు. పీడీఎఫ్ చూడడానికి, దత్తాంశం తిరిగి అచ్చువేయడానికి.

గోప్యత విషయం పరీక్షా కార్యాలయాలకు ముఖ్యం. ఫలితాలు ప్రకటించేలోపే మార్కుల పత్రాలు స్పూల్ ఫైళ్లుగా వరుసలో నిలిచి ఉంటాయి. దత్తాంశపు ఫైలుకు ఎంత కట్టుదిట్టం చేసినా, స్పూల్ నియంత్రణ అనే ప్రత్యేకాధికారం ఉన్న వాడుకరి ఆ వరుసలోని పుటలను తెరమీద చదవగలడు. ప్రింటరులో కాగితం మార్చే సిబ్బందికి పని సులువు కావడానికి ఈ అధికారం ఇచ్చేయడం పరిపాటి. ఆ పనికి అది అక్కరలేదు. గోప్య పత్రాలకు విడిగా ఒక అవుట్‌పుట్ క్యూ ఏర్పరచి, అందులోని ఫైళ్లను యజమాని మాత్రమే చూడగలిగేలా అమర్చి, సిబ్బందికి రైటరును నడిపే అధికారం మాత్రమే ఇవ్వవచ్చు.

కొనుగోలుకు ముందు జరిపే పరీక్ష కూడా ఈ దృష్టితోనే ఉండాలి. అమ్మేవారు తెచ్చిన నమూనా పత్రం ఎప్పుడూ చక్కగానే అచ్చవుతుంది. కార్యాలయం తన పేర్లు తానే ఇవ్వాలి: వెంకటసత్యనారాయణమూర్తి వంటి పొడవాటి పేరు, 'స్త్రీ' వంటి రెండు వత్తుల అక్షరం ఉన్న పదం, 'ళ', 'ఱ' ఉన్న రెండు మూడు పేర్లు, ఉర్దూ నుంచి వచ్చిన పేర్లు. వాటిని దత్తాంశపు ఫైలులో నమోదు చేయించి, పేరు క్రమంలో జాబితా తీయించి, స్పూల్ ఫైలుగా నిలిపి, టేపు మీదికి భద్రపరచి, తుడిచి, తిరిగి తెచ్చి అప్పుడు అచ్చువేయించాలి. మొదటి కాగితాన్నీ ఈ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడడం ఒక గుమాస్తాకు పూట పని.